దెజిమాద్వీపమున డచ్చివారి ప్రహసనము

క్రీ. శ. 1820 వ సంవత్సరమున, జపాను దేశపు పడమటి యంచున, క్యూషూ దీవియందలి నాగసాకి రేవులో, దెజిమా యను నొక చిన్న కృత్రిమద్వీపమున డచ్చి వర్తకులును లేఖకులును కొందఱు తామే వేషములు ధరించి తమ భాషలో రెండు హాస్యరూపకములను బ్రదర్శించిరి. వారు నటవృత్తిచే జీవించువారు కారు. పగలెల్లఁ జక్కెర మూటలు తూఁచుచు, రాగికమ్ముల లెక్కలు వ్రాయుచు నుండువారు. చూడవచ్చినవారు నాగసాకి పాలనాధికారులును, వారి పరివారమును, డచ్చిభాష నేర్చిన జపాను దుబాసీలును. ఆడఁబడిన రూపకములలో మొదటిది "తొందరపాటుగాఁడు" అను నర్థమిచ్చు పేరుగల యేకాంక ప్రహసనము. రెండవది "ఇద్దఱు వేఁటకాండ్రును పాలపడుచును" అను గేయప్రహసనము. జపానునందు ఆడఁబడిన మొదటి పాశ్చాత్య గేయరూపక మిదియే యని యా దేశపు సంగీతచరిత్రకారులు తఱచుగాఁ జెప్పుదురు. ఆ కీర్తి యుక్తమా కాదా యనునది ముందు విచారింపఁబడును. ఆంధ్రపండితులకు దీనియందు వేఱొక ఆసక్తి కలదు. ఆ పాలపడుచు కథ మూలమునఁ బంచతంత్రములోనిది. భారతదేశమున బయలుదేఱి పడమటికిఁ బోయిన కథ యొకటి భూమిని జుట్టి తూర్పుకొసకు వచ్చి, రంగస్థలముపై నెట్లు నిలిచెనో తెలిసికొనుటకు మొదట నా దీవిని జూడవలయును.

దెజిమా ప్రకృతిసిద్ధమైన దీవి కాదు. పోర్చుగీసు వర్తకులను నగరమునకు వెలిగా నుంచుటకై 1634 మొదలు 1636 వఱకు సముద్రమును బూడ్చి కట్టించిన దిబ్బ. ఆకారము విప్పిన విసనకఱ్ఱ వంటిది. వైశాల్యము ఇంచుమించు మూఁడెకరములు. 1639 లోఁ బోర్చుగీసులు దేశమునుండి వెడలఁగొట్టఁబడిరి. 1641 లో హిరాదో రేవునందున్న డచ్చివారు తమ వర్తకశాలను విడిచి యీ దిబ్బపైకి రావలసివచ్చెను. నగరమునకును దీవికిని నడుమ నొక చిన్న వంతెన. దానికడఁ గావలి. అచ్చట నిలిపిన యాజ్ఞాఫలకమున, వేశ్యలు తప్ప నితర స్త్రీలు లోనికిఁ బోరాదనియు, కోయా పర్వతమునకుఁ జెందిన భిక్షువులు తప్ప నితర సన్న్యాసులు పోరాదనియు వ్రాయఁబడియుండెను. క్రైస్తవారాధన బహిరంగముగాఁ జేయుటకు వీలులేదు. అధికారుల యనుమతి లేనిదే డచ్చివాఁడు వంతెన దాఁటరాదు. వేసవియందు బతేవియానుండి యోడ వచ్చును. శరత్తునఁ బోవును. తక్కిన నెలలలోఁ బది పదిహేను మంది యూరోపియనులు ఒకరి మొగ మొకరు చూచికొనుచుఁ గాలము గడపవలసినదే. ప్రధానవర్తకుఁడు షోగునును దర్శించుటకై యెడోనగరమునకుఁ బోవు యాత్ర పూర్వ మేఁటేఁట జరుగుచుండెను. 1790 తరువాత నది నాలుగేండ్ల కొకసారి యయ్యెను.

ఈ డచ్చివారు ఆంధ్రతీరమునకుఁ గ్రొత్తవారు కారు. వారి కంపెనీయే 1606 నాఁటికి మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పెను. బందరులోని వలందపాలెము వారి పేరిటనే నేఁటికిని నిలిచియున్నది. పాలకొల్లు, నరసాపురము, భీమునిపట్టణములందును వారి గిడ్డంగు లుండెను. కోరమాండలు తీరమున నద్దకపుఁ బనితో సిద్ధమైన నూలుబట్టలు వారి యోడలలో జపానునకుఁ జేరఁగా, అచ్చటివారు వానిని "సరసా" యని పిలిచి తేనీటి గోష్ఠులలోని పాత్రలకు సంచులుగాఁ గుట్టించుకొనిరి. ఆంధ్రతీరపు బట్టలు నాగసాకి చేరిన తెరువు చిన్నది, తిన్ననిది. కథ చేరిన తెరువు చాల వంకరది.

1820 నాఁటికి దెజిమావాసులు పెద్ద యాపదనుండి బయటపడి మూఁడేండ్లు మాత్రమే గడచినవి. 1795 లో ఫ్రెంచిసేనలు హాలెండును జయించెను. 1799 తో డచ్చి కంపెనీ యంతరించెను. 1810 లో హాలెండు నెపోలియను సామ్రాజ్యమునఁ గలిసిపోయెను. మఱుసటి యేఁట ఆంగ్లేయులు జావాను బట్టుకొనిరి. అంతట దెజిమాకు డచ్చి యోడలు రాకపోయెను. 1813 లోను 1814 లోను జావా నేలుచున్న రాఫిల్సు పంపిన యోడలు వచ్చి, వర్తకశాలను దమకు వశము చేయుమని యడిగెను. ప్రధానవర్తకుఁడు హెండ్రిక్ దూఫ్ లొంగలేదు. కొంతకాలము డచ్చి పతాక యెగురుచున్న చోటులు ప్రపంచమున మిక్కిలి యరుదు. వానిలో నీ మూఁడెకరముల దిబ్బ యొకటి. పాదరక్షలు చినిఁగిపోఁగా జపాను చెప్పులనే కోసి కుట్టుకొనిరి. దినవెచ్చమునకు జపానువారే యప్పు పెట్టిరి. దూఫ్ ఆ దినములలో ఫ్రాన్స్వా హల్మా రచించిన డచ్చి-ఫ్రెంచి నిఘంటువు నాధారముగాఁ గొని, దుబాసీలతోఁ గలిసి డచ్చి-జపాను నిఘంటువును గూర్ప నారంభించెను. అది యతఁడు వెడలిన పిమ్మట 1833 లోఁ బూర్తి యయ్యెను. ఈ నిఘంటువు ముచ్చట ప్రహసనమునకు సంబంధింపనిది కాదు. 1820 లోఁ బ్రేక్షకులలోఁ గూర్చున్న దుబాసీలు అట్టి పరిశ్రమ చేసిన తరమువారు. వారు లేకున్నచో ఆ నాటకము మూకాభినయముగా మిగిలిపోయెడిది.

1817 లో దూఫునకు బదులుగా వచ్చినవాఁడు యాన్ కాక్ బ్లోమ్‌హోఫ్. ఇతఁడు జపానునకు మునుపే వచ్చి 1809 మొదలు దెజిమాలోఁ బని చేసినవాఁడు. దుబాసీలకు ఆంగ్లమును గూడ నేర్పినవాఁడు. 1813 లో దూఫ్ పనుపున జావాకుఁ బోఁగా ఆంగ్లేయు లతనిని జెఱపట్టి యింగ్లండునకుఁ బంపిరి. విడుదలపొంది స్వదేశమునకుఁ బోయి, 1815 లోఁ దీత్సియా బెర్గ్‌స్మా యను నామెను బెండ్లాడి, 1817 లో భార్యను, పసిబిడ్డను, పెట్రోనెల్లా మూన్స్ అను దాదిని, జావాదేశపుఁ బరిచారికను వెంటఁబెట్టుకొని నాగసాకికి వచ్చెను. వంతెనకడ నేమి వ్రాసియున్నదో యెఱుఁగనివాఁడు కాఁడు. విన్నపము చేసికొన్నచో దన విషయమున సడలింతురని నమ్మెను. స్త్రీలను దీవిపైకి దిగనిచ్చిరి గాని నిలువనీయలేదు. విన్నపము ఎడోవఱకును బోయి నిరాకరింపఁబడెను. సుమారు నాలుగు నెలల పిమ్మట, 1817 డిసెంబరున, తీత్సియా బిడ్డతోడను దాదితోడను మరలి యోడ యెక్కెను. అదే యోడలో దూఫ్ కూడఁ బోయెను. బ్లోమ్‌హోఫ్ ఒంటిగా నిలిచెను. 1820 నాఁటి ప్రదర్శన మితని యధికారకాలమున జరిగినది.

ఇట్టి స్థలమున నాటకమాడవలయునను తలంపు వారికి వింతగాఁ దోఁచియుండదు. హాలెండునందును ఫ్లాండర్సునందును 15 వ శతాబ్దమునుండియుఁ గవితాగోష్ఠులు ప్రతి పట్టణమున నుండెను. వానిలోఁ గలవారు చేతిపనివారును వర్తకులును. పద్యములు కట్టి, నాటకములు వ్రాసి, పోటీలకై యూరూరఁ బోయి యాడుచుండిరి. ఆమ్‌స్టర్‌డాము నాటకశాల 1638 లో వాండెల్ విషాదరూపకముతోఁ దెఱవఁబడెను గాని, దానికి ముందే బ్రెడెరో, హూఫ్ట్ అనువారి హాస్యరూపకములు జనుల నోళ్ళ నాడుచుండెను. హూఫ్ట్ 1617 లో రచించిన "వారెనార్", బంగారు కుండను బాతిపెట్టిన లోభి కథను రోమక కవి ప్లాటసు నుండి కైకొని యామ్‌స్టర్‌డాము వీథులలోఁ బ్రవేశపెట్టినది. హాస్యమునకుఁ గుండ యెంత యక్కఱకు వచ్చునో యిచ్చటను గాననగును. 17 వ శతాబ్దపు చివఱ ఫ్రెంచి నాటకమర్యాద డచ్చి రంగమును గ్రమ్ముకొనెను. లాంగెన్‌డైక్ వంటి స్వతంత్ర హాస్యకవులు లేకపోలేదు గాని, 18 వ శతాబ్దమున నాటకశాలల నిత్యభోజనము ఫ్రెంచి యనువాదములే. కాఁబట్టి దెజిమా ప్రహసనములు రెండును ఫ్రెంచి మూలములు గలవి యగుట విపరీతము కాదు. మొదటిది లాంత్యే రచన. రెండవది ఆన్సోమ్ రచింపఁగా ఇటలీదేశీయుఁడగు దూనీ సంగీతము గూర్ప 1763 లోఁ బారీసులోఁ బ్రదర్శింపఁబడినది. వానిని డచ్చినాటకము లనవచ్చునా యను శంక కలుగవచ్చును. ఆడినవారును, ఆడినభాషయు డచ్చి. చూచిన జపానువారికి నది "ఒరాందా" నాటకమే. సంస్కృతకావ్యములను దెనిఁగించి తమవి చేసికొన్న యాంధ్రులకు ఈ న్యాయము నెవరును బోధింపనక్కఱలేదు.

రెండవ ప్రహసనమున మాటల నడుమఁ బాటలు వచ్చును. అందు మన యక్షగానమునకు దూరపుఁ జుట్టము. పాత్రలు మూఁడు: గియ్యో, కొలా యను వేఁటకాండ్రును, పెరెట్ అను పాలపడుచును. నాలుగవది యెలుఁగుగొడ్డు. వేఁటకాండ్రు ఇంకను జంపని యెలుఁగు చర్మమును ముందుగనే విక్రయించి యడవిలోఁ గాచియుందురు. పాలకుండతో సంతకుఁ బోవు పెరెట్ రాఁబోవు లాభమును లెక్కించుకొనుచు వచ్చును. తుద కెలుఁగు కనఁబడఁగానే యొకఁడు చెట్టెక్కును. వేఱొకఁడు నేలఁబడి చచ్చినట్లు నటించును. పాలు నేలపాలగును. మూవురును వట్టిచేతులవా రగుదురు. ముగ్గురు నటులు, ఒక చెట్టు, ఒక తోలు, ఒక కుండ యున్నఁ జాలును. పది పదిహేనుమందికంటె నెక్కువ లేని దీవిలో దీనినే యెన్నుకొనుట కిది చాలిన కారణముగాఁ దోఁచుచున్నది.

ఆన్సోమ్ ఈ రెండు కథలను లా ఫొంతేన్ నీతికథలనుండి గ్రహించి యొకటిగా ముడివేసెను. ఎలుఁగుచర్మపుఁ గథ 1668 నాఁటి మొదటి సంపుటమునను, పాలకుండ కథ 1678 నాఁటి రెండవ సంపుటమునను గలవు. ఈ రెండవ సంపుటపుఁ బీఠికలో లా ఫొంతేన్ తన కథలలోఁ బెక్కింటికి భారతదేశపు ఋషి పిల్పేకు ఋణపడియుంటినని యొప్పుకొనెను. పిల్పే యనఁగా విద్యాపతి యనియో, పంచతంత్రపు అరబ్బీ యనువాదమునఁ గథలు చెప్పు బీద్‌పాయి యనియో పండితులు చెప్పుదురు.

మూలకథ పంచతంత్రమున అయిదవ తంత్రములోనిది. స్వభావకృపణుఁడను బ్రాహ్మణుఁడు భిక్షాన్నమునఁ దిని మిగిల్చిన పేలపిండిని గుండలోఁ బోసి చిలుకకొయ్యకు వ్రేలఁగట్టి, దాని క్రిందఁ బరుండి యాలోచించును. కఱవు వచ్చినచో దీనికి నూఱు రూపకములు వచ్చును. దానితో మేఁకలు, మేఁకలతో ఆవులు, ఆవులతో గేదెలు, గుఱ్ఱములు, బంగారు, మేడ, భార్య, కొడుకు. కొడుకునకు సోమశర్మ యని పేరు. బిడ్డను బట్టుకొనుమన్న మాట వినని భార్యను దన్నుదునని కాలు విదల్చఁగాఁ గుండ పగిలి పిండి మీఁదఁబడి యాతని యొడలెల్లఁ దెల్లనగును. హితోపదేశమున నీ కథయే సంధియందుఁ జేరి, బ్రాహ్మణుని పేరు దేవశర్మ యయి, స్థలము కుమ్మరివాని కొట్ట మయినది. అచ్చట దన్నుటకు బదులు కఱ్ఱ విసరుట. చిన్నయసూరి మిత్రలాభ మిత్రభేదములను మాత్రము తెనిఁగించెను గావున ఈ కథ యాతని నీతిచంద్రికలోఁ గానరాదు. సంధిని దెనుఁగు చేయుట వీరేశలింగము వంటి తరువాతివారి పా లయ్యెను. అంతకు మునుపే దూబగుంట నారాయణకవియు, బైచరాజు వేంకటనాథుఁడును బంచతంత్రమును బద్యకావ్యములుగా రచించియుండిరి. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అను సామెతలోని సోమలింగమునకును ఆ సోమశర్మకును జుట్టఱిక ముండునేమో భాషావేత్తలు పరిశీలింపఁదగును.

6 వ శతాబ్దమునఁ బారసీకరాజగు ఖుస్రూ అనూషిర్వాను నాజ్ఞచే బుర్జోయ్ యను వైద్యుఁడు పంచతంత్రమును బహ్లవీభాషలోనికి మార్చెను. దాని నిబ్నుల్ ముకఫ్ఫా 8 వ శతాబ్దమున "కలీలా వ దిమ్నా" యను పేర నరబ్బీ చేసెను. కరటక దమనకులే కలీలా దిమ్నాలు. ఇందు బ్రాహ్మణుఁడు విరాగి యయ్యెను. పేలపిండి పోయి తేనెయు నేయియు వచ్చెను. అరబ్బీనుండి హీబ్రూ, హీబ్రూనుండి 13 వ శతాబ్దమునఁ గాపువా వాస్తవ్యుఁడగు యోహాను చేసిన లాటిను అనువాదము పుట్టెను. ఆ శతాబ్దముననే లాటిను మతోపన్యాసములలోఁ బాలకుండతో సంతకుఁ బోవు స్త్రీ కనఁబడును. 1335 నాఁటి స్పెయినుదేశపుఁ గథాగ్రంథము "కోందె లుకానోర్"లో స్త్రీయే గాని నెత్తిపైనున్నది తేనెకుండ. ఈ మార్పుల నన్నిటిని వరుసఁగూర్చి 1870 లో లండనులో నుపన్యసించి, ఒకే కథ యిన్ని వేషములు మార్చినదని స్థాపించినవాఁడు మాక్స్ ముల్లరు పండితుఁడు. ఆతని యుపన్యాసమునకు యాఁబదియేండ్లకు ముందే యా కథ నాగసాకి రంగముపై నొక వేషము వేసియుండెను.

వేషములు మాఱినను గుండ పగులుట మాఱలేదు. కాని హాస్యము మాఱినది. సంస్కృతకథలో నవ్వునకు గుఱి యగునది గృహస్థుని దర్పము. లేని భార్యను దన్నఁబోయి యున్న పిండిని బోఁగొట్టుకొనెను. ఫ్రెంచికథలోఁ బెరెట్ దర్పముచేఁ గాదు, సంతోషముచే గంతువేసి పాలు పోఁగొట్టుకొనును. మొదటివానిపై నవ్వు కఠినము. రెండవదానిపై నవ్వు జాలితోఁ గూడినది. ఆన్సోమ్ ఆమె ప్రక్కన వేఁటకాండ్రను నిలిపి యా జాలిని మూవురకుఁ బంచెను. దానిచేఁ గథకుఁ గొంత పదును తగ్గెనేమో గాని, రంగమునకుఁ బ్రాణము వచ్చెను.

జపాను ప్రేక్షకులకు ఇందేమి బోధపడెను? వేఁటకాని తొందర వారికిఁ దెలియనిది కాదు. పట్టని తనూకి చర్మమునకు లెక్కలు కట్టుట యను సామెత జపానుభాషలోఁ గలదు. తనూకి నక్కవంటి యొక జంతువు. ఎలుఁగుచర్మమునకును దీనికిని దూరము లేదు. పురుషుఁడు పాలపడుచు వేషమున వచ్చుటయు వారికి వింత కాదు. వారి కబుకీ నాటకములలో 1629 నుండి స్త్రీలకు రంగప్రవేశము నిషిద్ధమై, స్త్రీపాత్రములను బురుషులే ధరించుచుండిరి. కూచిపూడి భాగవతుల సత్యభామను జూచిన యాంధ్రులకును నిది సహజమే. వింతగాఁ దోఁచినది డచ్చివారికే యైయుండును. వారి దేశపు నాటకశాలలలో స్త్రీలు 17 వ శతాబ్దమధ్యము నుండియే నటించుచుండిరి. ఇచ్చట జపానురాజ్యపు టాజ్ఞచేత నాఁటికి దీవిలో డచ్చి స్త్రీ యొక్కతెయు లేదు. మూఁడేండ్ల క్రింద వచ్చిన యామె యిప్పుడు హాలెండున నున్నది. ఆజ్ఞాపించిన ప్రభుత్వపు టధికారులే ముందు వరుసలోఁ గూర్చుండి, గౌను తొడిగిన పురుషుఁడు పాలకుండతో వచ్చుటను జూచిరి. తొందరపాటుగాని ప్రహసనమును గూడ నా దీవిలో నాడుట హాస్యమునకు హాస్యము. ఓడకై యేఁడాది యెదురుచూచుటయే వారి బ్రతుకు.

ఇఁక మొదటి గేయరూపక మను కీర్తిమాట. 16 వ శతాబ్దమున 1560 ప్రాంతముల క్యూషూదీవిలో జెసూట్ మతబోధకులు బైబిలుకథలను బాటలతోడ నాడించియుండిరి. కావున పాశ్చాత్యగానముతోఁ గూడిన నాటకము జపానునకు 1820 లోనే మొదట వచ్చెననుట సరి కాదు. పారీసు నాటకశాలకై రచింపఁబడిన లౌకిక గేయప్రహసనము జపానులో మొదట నాడుట యిదియే యన్నచో నంగీకరింపవచ్చును. పాశ్చాత్య గేయనాటకమును జపానువారే తమంతఁ దా మాడుట 1903 లో టోకియో సంగీతపాఠశాల విద్యార్థులు గ్లుక్ రచించిన "ఆర్ఫియస్" నాడినపుడు జరిగెను. వారును వృత్తినటులు కారు. ఈ రెంటి నడుమ సాఁకుటకుఁ దగిన సంబంధ మేదియు లేదు. దెజిమా ప్రహసనము జపాను నాటకకళపై ముద్ర వేయలేదని చెప్పుటయే సత్యము. దానికిఁ గారణము నటులు పామరు లగుట కాదు. చూచినవారు కొలఁదిమంది యధికారులు. నగరపుఁ బ్రజలకు వంతెన దాఁటు త్రోవ లేదు. ఆ యధికారులును దుబాసీలును దాము చూచినదానిని జిత్రములుగా వ్రాయించి, కథాసారమును దమ భాషలోఁ దెలిసికొని భద్రపఱచుకొనుటచేతనే ఈ ప్రదర్శనము విస్మృతిఁ బొందక నిలిచినది. డచ్చివారికంటె జపానువారే దానిని బదిలపఱచిరి. బతేవియాలో 1821 లో నూతన నాటకశాల షేక్స్పియరు "ఒథెల్లో"తోఁ దెఱవఁబడినపుడు గలిగిన యార్భాటముతోఁ బోల్చినచో దెజిమాలోని యాట పిల్లలాటయే. కాని చరిత్రకారులు దీనిని మఱువలేదు.

తీత్సియా 1821 లో మరణించెను. భర్తను మరల జూడలేదు. బ్లోమ్‌హోఫ్ 1822 లో రెండవసారి ఎడోకుఁ బోయి షోగునును దర్శించి, 1823 లో జపాను విడిచి స్వదేశము చేరెను. ఆతఁడు కూర్చిన జపాను వస్తుసముదాయము హేగునగరమందలి రాజకీయ సంగ్రహశాలకుఁ జేరెను. ఆంధ్రతీరమునందలి డచ్చి వర్తకస్థానములు 1824 నాఁటి సంధిచే మఱుసటి యేఁట నాంగ్లేయుల వశమయ్యెను. దెజిమాలోని వర్తకశాల 1850 ల చివఱ మూయఁబడెను. పిమ్మట చుట్టును సముద్రము పూడ్పఁబడి 1904 నాఁటికి దీవి నగరమునఁ గలిసిపోయెను. 1922 లో నది చారిత్రకస్థలముగాఁ బ్రకటింపఁబడెను. 1990 ల తరువాత నాఁటి యిండ్లు మరలఁ గట్టఁబడినవి. 2017 లో వంతెనయు మరల వేయఁబడినది. 1817 లో నాగసాకి చిత్రకారుఁడు కవహరా కెయిగా వ్రాసిన బ్లోమ్‌హోఫ్ కుటుంబచిత్రములును, వానిని జూచి యితరులు అచ్చొత్తిన తీత్సియా బొమ్మలును జపానులో నూర్లకొలఁది వ్యాపించినవి. నాలుగు నెలలు మాత్రమే నిలిచిన యా స్త్రీ రూపమును జపానువారు పింగాణి పాత్రలపైనను వ్రాసికొనిరి.